కడిగేసిన రబ్బరు చక్రం

"కడిగేశారా?"

చినామి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కడక్కుండా ఎలా ఇస్తామమ్మా పరాయివాళ్ళ చేతికి?" అంది హత్సుయే. ఆమె చేతిలో పాత టూత్‌బ్రష్ ఇంకా తడిగానే ఉంది. "జిడ్డోడుతూ ఉండింది. ఉప్పు పేరుకుపోయింది. మూడుసార్లు సబ్బు పెట్టి తోమితే గానీ అసలు రంగు తేలలేదు. చూడు, కొత్తదానిలా లేదూ?"

అతిథులకు మిఠాయి పెట్టే లక్క పళ్ళెంలో, తెల్లటి కాగితం మడత మీద, అరచేతిలో పట్టేంత నల్ల రబ్బరు చక్రం నిగనిగలాడుతోంది. ఆరు రెక్కలుండాల్సిన చోట మూడే ఉన్నాయి. సముద్రపు నీళ్ళు తోడి పడవ ఇంజిన్‌ని చల్లబరిచే పంపులో తిరిగే చక్రం అది. పదకొండు రోజుల క్రితం నడి సముద్రంలో విరిగింది. నీళ్ళు అందక ఇంజిన్ ఉడికిపోయి బిగుసుకుంది. పక్క దీవివాళ్ళు తాడు కట్టి చినామి మామగారి పడవని లాక్కొచ్చారు. ఆ సాయంత్రం కింది పంపులోంచి ఈ చక్రం ఒక్కటే తీసి, పైన ఇంజిన్‌ని అలాగే ఉంచేసింది చినామి.

"అత్తయ్యా, ఈ చక్రం చేసిన కంపెనీవాళ్ళ ఉత్తరం మీరు చదివారా లేదా? తీసింది తీసినట్టే ఉంచమన్నారు కదా!"

"చదివానమ్మా. 'లేత చిగుళ్ళు కళ్ళకింపుగా ఉన్న ఈ రోజుల్లో మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాము' అని ఎంత మర్యాదగా మొదలుపెట్టారనుకున్నావు! అంత మర్యాదస్తులకి మురికి వస్తువు ఎలా ఇస్తాం?"

"ఆ తర్వాత ఏం రాశారు?"

"ఆ తర్వాతవి చిన్న అక్షరాలు."

చినామికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

పక్కింటిదాన్ని, హత్సుయేని తప్పుపట్టడానికి నాకు మాత్రం నోరు రాదు. మా దీవిలో ఇరుగింటి గిన్నె తెచ్చుకుంటే తోమి, అందులో రెండు నారింజపళ్ళయినా వేసి గానీ తిరిగివ్వం. నేనైనా ఆ చక్రాన్ని తోమే ఉండేదాన్ని. బహుశా నాలుగుసార్లు.

కానీ పది గంటల ఓడలో కంపెనీ మనిషి వస్తున్నాడు. అతను చూడాల్సిందంతా ఇప్పుడు వంటింటి తూములో పోయింది.

*

బల్ల దగ్గర తోకుజి సూపు తాగుతున్నాడు. చినామికి మామగారు. ఇంజిన్ పోయిన రోజు నుంచీ ఆయన కోడలితో మాట్లాడటం లేదు. చెప్పాల్సింది భార్యతో చెబుతాడు, అవతల కోడలు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే.

"ఆమెతో చెప్పు" అన్నాడు గిన్నె దించకుండా. "ఆ రోజే ఇంజిన్ విప్పి ఉంటే ఈపాటికి నేను తాయ్ చేపల వేటలో ఉండేవాణ్ణని."

"చినామీ, ఆ రోజే ఇంజిన్ విప్పి ఉంటే..."

"వినపడింది అత్తయ్యా."

"వినపడిందటండీ."

"మామయ్యతో చెప్పండి" అంది చినామి. "ఇప్పటికి ఇరవైసార్లు చెప్పాను. చక్రం పాడైతే కంపెనీ కొత్త చక్రం ఇస్తుంది, అంతే. ఆ చక్రంలో లోపం వల్లే ఇంజిన్ పోయిందని తేలితేనే ఇంజిన్ కూడా బాగుచేయిస్తుంది. అది తేలాలంటే ఇంజిన్‌ని వాళ్ళ కళ్ళముందే విప్పాలి. మనమే విప్పేస్తే, విప్పినవాళ్ళే చెడగొట్టారంటారు."

"ఆమెనడుగు. తేలకపోతే?"

హత్సుయే ఆ మాట అందించలేదు. అందించాల్సిన అవసరమూ లేకపోయింది.

తేలకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చక్రంలో లోపం లేదంటే బిగించిన చేతిలో ఉన్నట్టే. ఆ చక్రం బిగించింది చినామి. రేవులో మొరితాని షెడ్డు ఒక్కటే మా దీవికి ఇంజిన్ల షెడ్డు. ముసలాయనకి చేతులు వణుకుతున్నాయి. మూడేళ్ళు పని నేర్పి, ఈ వసంతంలోనే తన పేరు పక్కన చినామి పేరు కంపెనీలో నమోదు చేయించాడు. తప్పు చేతిదని తేలితే ఆ పేరు కొట్టేస్తారు. అది చాలదన్నట్టు తోకుజి ఆ రోజు రేవులో పదిమందిలో అనేశాడు: "చెయ్యి దోషమైతే ఈ దీవిలో ఏ ఇంజినూ ఆమె ముట్టుకోకూడదు." ముప్ఫై ఏళ్ళుగా జాలర్ల సహకార సంఘానికి పెద్ద ఆయనే. అన్నాడంటే అన్నట్టే.

"ఇంకాస్త సూపు ఉందా?" అన్నాడు కజుమా. చినామి మొగుడు ఇతనే.

"నువ్వసలు ఎవరి వైపు?" అంది చినామి.

"నేనా? సూపు వైపు."

హత్సుయే ఫక్కున నవ్వింది. తోకుజి గిన్నె అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి ఆయన మొహం ఎవరికీ కనపడలేదు.

*

రేవు గట్టు మీదికి లాగిపెట్టిన పడవ వెనక ఇంజిన్ వేలాడుతోంది. ఎవరైనా తెరిస్తే తెలిసేలా, దాని మూత అంచున అడ్డంగా తెల్లకాగితం పట్టీ. పట్టీ మీద సగం, మూత మీద సగం పడేలా చినామి ఎర్రటి ముద్ర. పక్కనే మొరితాని ముద్ర, కొంచెం వంకరగా.

"నా ముద్ర వణికింది" అన్నాడు మొరితాని, ఖాళీ డబ్బా మీద కూర్చుని. "కంపెనీవాడు అడిగితే భూకంపం వచ్చిందని చెబుదాం."

చినామి నవ్వలేదు.

"ఏమ్మా, అంత దిగులా?"

"తాతా, నిజం చెప్పండి. చక్రం బిగించిన రోజు నేను గ్రీజు సరిగ్గానే పెట్టానా? పంపుకి నీళ్ళు పట్టించకుండా ఇంజిన్ తిప్పలేదు కదా?"

"పక్కన నేనున్నాను. నా చేతులు వణుకుతాయి గానీ కళ్ళు వణకవు."

ఓడ కూత వేసింది. కజుమా పరుగెత్తి, సంచి గుండెలకు హత్తుకున్న ఒక సన్నటి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఓడ ప్రయాణం పడలేదేమో, మొహం పాలిపోయి ఉంది. తన పేరు కురహషి అని చెప్పి, నడుం వంచి అందరికీ నమస్కరించాడు. ఆఖరున పడవకి కూడా.

అప్పటికే రేవులో ఓ పాతికమంది చేరారు. మా దీవిలో బళ్ళో పరీక్ష జరిగినా, పన్ను పీకినా ఇంతమందీ వస్తారు.

హత్సుయే ముందు పుల్లటి ఉమె పండు కలిపిన వేడి టీ ఇచ్చింది. అతను తాగాడు. ఇంకో గ్లాసు ఇచ్చింది. అదీ తాగాడు. అప్పుడు రెండు చేతులా ఊదారంగు గుడ్డ మూట అందించింది. మూట పైన ఎండు చిరుచేపల పెట్టె.

కురహషి మూట విప్పాడు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది... చాలా శుభ్రంగా ఉందండీ."

"సంతోషం బాబూ" అంది హత్సుయే, ఇంకా వంగి దండం పెట్టి.

అతనికి చెప్పడానికి మనసొప్పలేదు. చిరుచేపల పెట్టె వైపు చూశాడు, హత్సుయే వైపు చూశాడు, చివరికి చినామి వైపు తిరిగాడు.

"నీళ్ళు అందకుండా తిప్పితే రెక్కల అంచులు కాలి మసిబారతాయి. ఆ మసి ఉంటే బిగించినవాళ్ళ పొరపాటని రాస్తాం. అచ్చు పోసేటప్పుడే లోపముంటే విరిగినచోటే తెలుస్తుంది. ఇప్పుడు మసి ఉండి పోయిందో, అసలు లేదో నేను చెప్పలేను. విరిగినచోట బ్రష్ గీతలే ఉన్నాయి."

"మరి?"

"చెప్పలేనప్పుడు నేను రాయగలిగింది ఒక్కటే. కొత్త చక్రం ఇస్తాం. ఇంజిన్ సంగతి మాది కాదు."

తోకుజి లేచి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

హత్సుయేకి అప్పుడు అర్థమైంది. టీ పళ్ళెం పక్కన పెట్టి, ఆ గరుకు సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద కూలబడింది.

"తప్పు నాది బాబూ. ఆ పిల్ల పేరు కొట్టెయ్యకండి. నా పేరు రాసుకుని అది కొట్టెయ్యండి. హత్సుయే. అరవై ఎనిమిదేళ్ళు. తోముడు రోగం."

చూస్తున్నవాళ్ళలో కొందరు నవ్వారు. నవ్వాక సిగ్గుపడ్డారు. చినామి గబగబా వెళ్ళి అత్తగారి భుజాలు పట్టి లేపింది. పొద్దున్నించి ఉన్న కోపం కాస్తా కరిగిపోయింది. ఈ మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎవరి వల్లా కాదు.

"లేవండి అత్తయ్యా. బట్టలు మాసిపోతాయి, మళ్ళీ అవీ ఉతకాలి."

అంటూనే ఆగింది. గుడ్డలోని చక్రం వైపు చూసింది.

"అత్తయ్యా, మీరు కడిగేటప్పుడు రెక్కలెన్ని ఉన్నాయి?"

"మూడు."

"విరిగిన ముక్కలేవైనా పారేశారా?"

"నేనా? పారెయ్యడమా?" హత్సుయేకి కన్నీళ్ళలోనే రోషం వచ్చింది. "మూటలు కట్టిన రబ్బరుబ్యాండు కూడా దాస్తాను నేను! ముక్కలేం లేవు. నా చేతికొచ్చినప్పుడే మూడు రెక్కలు."

"ముద్రలు వేసేముందు పంపు విప్పినప్పుడు నాకూ కనపడలేదు. మరి మిగతా మూడూ ఎక్కడున్నట్టు?"

మొరితాని డబ్బా మీద నుంచి లేచి చిటికె వేశాడు.

"మీ అత్తగారి బ్రష్ చేరలేని చోట!"

విరిగిన రెక్కలు నీళ్ళతోపాటు పైకి కొట్టుకుపోయి ఉంటాయి. ఇంజిన్ లోపల నీళ్ళు పోయే సన్నటి దారుల్లో ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. కురహషి సంచి కింద పెట్టి ఇంజిన్ దగ్గరికి పరుగెత్తాడు. కాగితం పట్టీ మీదికి వంగి, ముక్కు దానికి తగిలేంత దగ్గరగా చూశాడు.

"ఈ ముద్రలు ఎప్పుడు వేశారు?"

"పడవ లాక్కొచ్చిన సాయంత్రమే" అంది చినామి.

"ఆ తర్వాత ఎవరూ తెరవలేదా? గట్టిగా చెప్పగలరా?"

పాతికమందీ తోకుజి వైపు తిరిగారు.

"హత్సుయే, ఆయనతో చెప్పు" అన్నాడు తోకుజి, ఇంకా సముద్రం వైపే చూస్తూ. "రోజూ విప్పమని నేను పోట్లాడాను. ఆమె ఒక్క బోల్టు కూడా విప్పలేదు. నన్నూ విప్పనివ్వలేదు. ఒకరోజు రెంచీ దాచేసింది."

కురహషి బుద్ధిగా రాసుకున్నాడు. "రోజూ పోట్లాడారు... విప్పలేదు... రెంచీ దాచారు. చాలా మంచిదండీ. నాకు కావలసిన సాక్ష్యం ఇదే."

తాను కోడలి తరఫున సాక్ష్యం చెప్పానని తెలుసుకోవడానికి తోకుజికి కాస్త సమయం పట్టింది. తెలిశాక చెవులు ఎర్రబడ్డాయి.

*

చినామి పట్టీ తెంపింది. మూత ఎత్తింది.

ఉప్పు పట్టిన బోల్టులు మొరాయించాయి. మొదటిది కదలడానికే చెమటలు పట్టాయి. మొరితాని నూనె చుక్కలు వేశాడు, సగం తన చెప్పుల మీద. జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. వెనక నుంచి ఎవరో "ఎడమకి, ఎడమకి" అని సలహా ఇస్తే కజుమా "నువ్వొచ్చి తిప్పు!" అని కసిరాడు. ఆ పొద్దున్న అతను సూపు వైపు కాకుండా ఇంకో వైపు మాట్లాడటం అదే మొదలు.

వేడిని బట్టి నీళ్ళు వదిలే చిన్న మూత ఊడింది. చినామి టార్చి వేసి లోపలికి చూసింది. సన్నటి పట్టకారు దించి మెల్లగా పైకి తీసింది.

నల్లటి రబ్బరు ముక్క. జిడ్డుతో, ఉప్పుతో, ఎవరూ కడగని ముక్క.

"ఒకటి!" అని అరిచింది హత్సుయే.

రెండోది వెంటనే దొరికింది. మూడోది కాస్త లోతుగా, రెండు చీలికలై ఇరుక్కుంది. ప్రతిదానికీ కురహషి ఫొటో తీశాడు. భూతద్దం తీసి మొదటి ముక్కని వెలుతురుకి పెట్టాడు. ఒక్కో అంచూ తిప్పి చూస్తూనే ఉన్నాడు. నాకైతే వెళ్ళి ఆ భూతద్దం లాక్కోవాలనిపించింది.

"ఇలా రండి" అన్నాడు చివరికి చినామితో. "విరిగినచోట చూడండి. కనపడుతున్నాయా?"

సన్నటి చిల్లులు. పొంగిన రొట్టెని తుంపితే కనపడతాయే, అలాంటివి.

"బుడగలు" అంది చినామి మెల్లగా.

"అవును. అచ్చులో పోసినప్పుడే గాలి చిక్కుకుంది. రబ్బరుకి బలం లేదు. అంచుల్లో మసి లేదు, కాలిన మెరుపూ లేదు. అంటే నీళ్ళు బాగానే అందాయి, బిగించడమూ బాగానే బిగించారు. చక్రం విరిగాకే ఇంజిన్ వేడెక్కింది. లోపం చక్రానిదే." అతను లేచి నిటారుగా నిలబడి, మళ్ళీ నడుం వంచాడు. "మా వస్తువు వల్ల మీ ఇంజిన్ పాడైంది. బాగుచెయ్యడం మా పని. క్షమించండి."

రేవంతా ఒక్కసారిగా గోల. హత్సుయే చినామిని కావలించుకుని, ఆ తర్వాత కురహషిని కూడా కావలించుకోబోయి, అతను మళ్ళీ పాలిపోతే చిరుచేపల పెట్టె ఇంకోటి చేతిలో పెట్టింది. మొరితాని కళ్ళు తుడుచుకుంటూ "చెయ్యి వణికి వేలు కంట్లో పడింది" అన్నాడు. చినామి రెండు జిడ్డు చేతుల్నీ గాల్లోకి ఎత్తి పట్టుకుని ఏడ్చింది. పదకొండు రోజులు ఆ చేతుల్ని తానే అనుమానించుకుంది పాపం. రాత్రిళ్ళు దుప్పటి కింద వేళ్ళు తిప్పి చూసుకునేదని కజుమా నాతో తర్వాత చెప్పాడు.

తోకుజి మాత్రం వచ్చి ఆ రబ్బరు ముక్క చూశాడు. వేలితో తాకాడు. వేలికంటిన జిడ్డు చూసుకుని పక్కకి జరిగాడు.

"ఈ చక్రంతోపాటు అదే అచ్చువి ఒకే పెట్టెలో వచ్చాయా?" అని కురహషి అడిగాడు, కాగితం రాసుకుంటూనే. "ఎన్ని?"

"ఎనిమిది" అన్నాడు మొరితాని.

"మిగతా ఏడూ షెడ్డులోనే ఉన్నాయి కదా?"

చినామి ఏడుపు ఆగిపోయింది.

"లేవు. తాయ్ కాలం ముందు అందరూ ఇంజిన్లు చూపించుకుంటారు. ఏడు పడవలకి నేనే బిగించాను. తెల్లవారుజామున ఏడూ సముద్రం మీదికి వెళ్ళాయి."

తోకుజి పరుగెత్తడం నా జన్మలో నేను చూడలేదు. ఆ రోజు చూశాను. గట్టు ఎక్కి, సహకార సంఘం గదిలో దూరి, చెప్పులు కూడా విప్పకుండా వైర్లెస్ పెట్టె ముందు కూర్చున్నాడు. వెనకే చినామి, ఆ వెనక మేమంతా.

"తోకుజిని మాట్లాడుతున్నాను" అన్నాడు మైకు పట్టుకుని. "ఈ వసంతంలో మొరితాని షెడ్డులో నీళ్ళ పంపు చక్రం మార్పించుకున్నవాళ్ళందరూ వినండి. చక్రంలో లోపముంది. చక్రంలోనే. బిగించినదాంట్లో కాదు. మెల్లగా నడుపుకుంటూ వెనక్కి రండి. మా కోడలు చూస్తుంది."

చినామి తలుపు చెక్క పట్టుకుంది.

ఒక్కొక్కరే పలికారు. "వస్తున్నాం." "వల ఎత్తి వస్తున్నాం." "కోడలు పిల్లకి ఓ పెద్ద తాయ్ తెస్తున్నామని చెప్పు, ముందు మాదే చూడాలి." ఆరుగురు. కిటికీలోంచి చూస్తే జలసంధిలో పడవల ముక్కులు ఒక్కోటి మా వైపు తిరుగుతున్నాయి.

ఏడో గొంతు చాలాసేపటికి వచ్చింది. గెంజోది. తోకుజికి చిన్ననాటి నేస్తం, చిన్ననాటి నుంచీ పోటీ.

"ఇక్కడ చేప తగులుతోంది తోకుజీ. ఆ పిల్ల ఇంజిన్ ముట్టుకోకూడదన్నది నువ్వే కదా? ఇప్పుడు దాని దగ్గరికే రమ్మంటావా? అందరూ వింటున్నారు, నిజం చెప్పు. నీ ఇంజిన్ మళ్ళీ ఆ చేతికిస్తావా?"

ఆరు పడవల్లోనూ అందరూ వింటున్నారు.

తోకుజి వెనక్కి తిరిగాడు. కోడలి మొహంలోకి నేరుగా చూశాడు. ఆమె చేతుల వైపు చూశాడు. మీట నొక్కాడు.

"ఆ రోజు నేనన్నది తప్పు. ఆమె చెయ్యి పడని ఇంజిన్ ఉన్న పడవ ఇక నేనెక్కను. విన్నావా? వస్తే రా, లేకపోతే ఈదుకుంటూ రా."

గదిలో అందరూ నవ్వారు. చినామి నవ్వలేదు, ఏడవలేదు. జిడ్డు చేత్తో మొహం తుడుచుకుంటే బుగ్గ మీద నల్లటి గీత పడింది.

గెంజో నుంచి జవాబు రాలేదు.

"గెంజో. గెంజో, పలుకు." తోకుజి మూడుసార్లు పిలిచాడు. కజుమా కిటికీ దగ్గర్నుంచి అన్నాడు: "నాన్నా, గెంజో మామ పడవ వెనక నురగ కనపడటం లేదు. ఇంజిన్ ఆగిందో, ఆయనే ఆపాడో. ప్రవాహం మాత్రం రాళ్ళ వైపే లాగుతోంది."

"ముందు ఏ పడవ వస్తే అందులో వెళ్దాం" అన్నాడు తోకుజి లేస్తూ.

"వచ్చే ప్రతి పడవలోనూ ఆ చక్రమే ఉంది మామయ్యా. మార్చకుండా మళ్ళీ పంపను" అంది చినామి. "కురహషిగారి సంచిలో మంచివి రెండున్నాయట."

"మార్చడానికి ఎంతసేపు?"

"ఒక్కదాన్నే అయితే అరగంట."

తోకుజి ఆమె పనిముట్ల పెట్టె తానే ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"పద చినామీ. రెంచీలు నేనందిస్తాను. ఏది ఎప్పుడు కావాలో నువ్వు చెప్పు."

రేవులోకి మొదటి పడవ అప్పుడే మలుపు తిరుగుతోంది. మామాకోడళ్ళిద్దరూ గట్టు దిగి పరుగెత్తారు. దూరాన గెంజో పడవ రాళ్ళ వైపు కొట్టుకుపోతూ అడ్డం తిరిగింది.